గిటార్ యాంప్‌లో బేస్ వాయించొచ్చా?

కొత్త యాంప్‌కి డబ్బులు పెట్టే ముందు ఒక చిన్న లెక్క

బేస్ గిటార్ ఎలాగోలా చేతికొచ్చింది. సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారో, పార్ట్‌టైమ్ డబ్బులు దాచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారో. ఇప్పుడు యాంప్ కావాలి. కొత్తది, చిన్న బేస్ యాంప్ అన్నా పది వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. డ్రమ్స్ పక్కన వినిపించే స్థాయిది కావాలంటే దానికి ఎన్నో రెట్లు. సరిగ్గా ఇదే టైమ్‌లో కోచింగ్ ఫీజు, ఎగ్జామ్ అప్లికేషన్లు, ఇంటర్వ్యూల కోసం హైదరాబాద్, బెంగళూరు తిరగడానికి చార్జీలు. ఇంట్లో అడగాలంటే నోరు రాదు. మరోపక్క రూమ్మేట్ మంచం కిందో, కాలేజీ మ్యూజిక్ క్లబ్ గదిలోనో ఒక గిటార్ యాంప్ ఊరికే పడి ఉంటుంది. జాక్ అదే, కేబుల్ అదే. గుచ్చేస్తే పోలా?

అని అడగ్గానే పక్కనున్న వాళ్లు రెండు పార్టీలుగా విడిపోతారు. "అస్సలు పెట్టకు, స్పీకర్ పోతుంది" అనేవాళ్లు ఒకవైపు. "నేను మూడేళ్లుగా వాయిస్తున్నా, ఏం కాలేదు" అనేవాళ్లు ఇంకోవైపు. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకరు స్టేజి సంగతి చెబుతున్నారు, ఇంకొకరు హాస్టల్ గది సంగతి. రెండింటికీ మధ్య తేడా వాల్యూమ్ నాబ్ దగ్గరే ఉంది. ఆ నాబ్‌ని ఎక్కడిదాకా తిప్పొచ్చో మీ ఇంజినీరింగ్ సిలబస్‌తోనే లెక్క కట్టొచ్చు. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లే కాదు, మెకానికల్ వాళ్లకీ ఇందులో వాటా ఉంది.

పోయేది సర్క్యూట్ కాదు, కోన్

ముందు ఒక భయం తీసేద్దాం. బేస్ పెట్టినంత మాత్రాన యాంప్ లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోదు. సర్క్యూట్ వరకు వచ్చేది చిన్న ఓల్టేజి సిగ్నలే. అది 40 హెర్ట్జ్ అయినా 400 హెర్ట్జ్ అయినా ట్రాన్సిస్టర్‌కి పెద్ద తేడా లేదు. ఇబ్బందంతా చివర్లో, గాలిని కదిలించాల్సిన స్పీకర్ దగ్గర.

గిటార్ అన్నిటికంటే మందమైన స్ట్రింగ్, లో ఈ, 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ లో ఈ దానికి సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద, 41 హెర్ట్జ్. తర్వాత ఏ 55, డి 73, జి 98. ఐదు స్ట్రింగుల బేస్ అయితే అడుగున ఉండే బి దాదాపు 31 హెర్ట్జ్. అంకెలు చూస్తే సగమే కదా అనిపిస్తుంది. కానీ ఒక స్పీకర్ అంతే శబ్దాన్ని సగం ఫ్రీక్వెన్సీలో ఇవ్వాలంటే కోన్ ముందుకీ వెనక్కీ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గితే కదలిక దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. గిటార్ లో ఈకి కోన్ అర మిల్లీమీటరు ఊగుతోందనుకుంటే, బేస్ లో ఈకి అంతే శబ్దం రావాలంటే రెండు మిల్లీమీటర్లు ఊగాలన్నమాట.

గిటార్ స్పీకర్లు అంత ఊగడానికి పుట్టలేదు. వాటిలో వాయిస్ కాయిల్ పొట్టి, కోన్ తేలిక, అంచు బిగువు. అయస్కాంతం పట్టులో ఉంటూ కాయిల్ కదలగలిగేది సాధారణంగా మిల్లీమీటరు, లేదా అంతకంటే తక్కువ. గిటార్‌కి కావాల్సిన చురుకుదనం, ఆ మిడ్స్ కరుకుదనం అలా కడితేనే వస్తాయి. బేస్ స్పీకర్లలో పొడవైన కాయిల్, వదులైన అంచు ఉండి, కోన్ కొన్ని మిల్లీమీటర్ల దాకా హాయిగా ఊగుతుంది.

ఒక ఉదాహరణ. రాక్ గిటారిస్టులు బాగా ఇష్టపడే సెలెస్టియన్ వింటేజ్ 30 అనే స్పీకర్ ఉంది. 12 అంగుళాలు, 60 వాట్లు. కంపెనీ ఇచ్చే వివరాల్లో దాని రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ 75 హెర్ట్జ్. బేస్ ఓపెన్ స్ట్రింగుల్లో ఈ, ఏ, డి మూడూ దీనికి కిందే. జి ఒక్కటే పైన. రెజొనెన్స్‌కి కింద స్పీకర్ ఊగుతుంది కానీ శబ్దం సరిగ్గా పుట్టదు. వాయిస్తున్న మీరేమో "బేస్ రావట్లేదే" అని ఇంకాస్త వాల్యూమ్ పెంచుతారు. కోన్ ఇంకాస్త ఊగుతుంది. శబ్దం మాత్రం అంతే. చివరికి కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకోవడమో, కోన్ అంచు చిరగడమో జరుగుతుంది. 60 వాట్లు అని రాసి ఉన్నా ఈ దెబ్బ నుంచి అది కాపాడదు. ఆ అంకె చెప్పేది కాయిల్ ఎంత వేడి తట్టుకుంటుందో. ఎంత దూరం ఊగగలదో కాదు. షాపులో వాట్లు చూసి కొనేవాళ్లంతా తడబడేది ఇక్కడే.

ఇంకో చిన్న విషయం. చాలా గిటార్ కాంబోల వెనక భాగం తెరిచి ఉంటుంది. కోన్ ముందుకొచ్చినప్పుడు ముందు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనక తగ్గుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఆ రెండూ పెట్టె చుట్టూ తిరిగి కలిసిపోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా కోన్‌ను ఆపుతుంది. తెరిచిన పెట్టెలో ఆ ఆసరా కూడా లేదు. కాబట్టి మీకు దొరికిన వాటిలో వెనక మూసిన యాంప్ ఉంటే అదే తీసుకోండి.

మరి గదిలో ఎలా వినిపిస్తోంది?

ఇన్ని చెప్పినా, రూమ్మేట్ గిటార్ యాంప్‌లో బేస్ పెట్టి మెల్లగా వాయిస్తే బానే వినిపిస్తుంది. కారణం సగం మీ చెవుల్లో ఉంది. ఒక స్ట్రింగ్ మోగినప్పుడు 41 ఒక్కటే రాదు. 82, 123, 165, ఇలా హార్మోనిక్స్ వరసగా వస్తాయి. స్పీకర్ 41ని మింగేసినా మిగతావి వింటే చాలు, మెదడు ఆ వరస చూసి అడుగు స్వరం ఏదో తనే నింపుకుంటుంది. మొబైల్ స్పీకర్‌లో ఇళయరాజా పాట విన్నా బేస్ లైన్ ఏ నోట్ల మీద నడుస్తోందో పట్టుకోగలుగుతున్నాం కదా, ఇదే కిటుకు. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ దరిదాపులకు కూడా పోదు.

అంటే ప్రాక్టీస్‌కి కావాల్సింది, అంటే నోట్ సరిగ్గా పడిందా, టైమింగ్ కుదిరిందా, పక్క స్ట్రింగ్ మ్యూట్ అయిందా అన్నది, గిటార్ యాంప్‌తో నిక్షేపంగా తెలుస్తుంది. తెలియనిది ఛాతీకి తగిలే ఆ ఊపు ఒక్కటే. గదిలో అది లేకపోతే పక్క రూమ్ వాళ్లు సంతోషిస్తారు.

అయితే నాబ్‌లు ఎలా పెట్టాలి? క్లీన్ ఛానల్ మాత్రమే. డిస్టార్షన్ వద్దు. సైన్ తరంగం పూర్తిగా నలిగి స్క్వేర్ తరంగం అయితే అదే పీక్‌కి పవర్ రెట్టింపవుతుంది, ఆ వేడంతా కాయిల్ మీదే. బేస్ నాబ్‌ని సగానికి కిందికి దించండి. బేస్ వాయిస్తూ బేస్ తగ్గించడమేంటి అనిపిస్తుంది కానీ, స్పీకర్ ఎలాగూ ఇవ్వలేని దాన్ని అడగడం మానేస్తున్నారంతే. బదులుగా మిడ్ పెంచండి, నోట్లు స్పష్టంగా బయటికొస్తాయి. స్లాప్ చేయాలనుకుంటే మాత్రం ఆగండి. బొటనవేలితో కొట్టే ఆ దెబ్బకి పీక్ మామూలు వాయింపు కంటే చాలా ఎక్కువగా వస్తుంది. అందుకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, కింద చెబుతాను.

ఎక్కడ ఆగాలో యాంపే చెబుతుంది. లో ఈ గట్టిగా వాయించి వినండి. శబ్దం గుండ్రంగా ఉందంటే ఫర్వాలేదు. "బర్ర్"మని చిరిగిన కాగితం కొట్టుకున్నట్టు వస్తే హద్దు దాటారు. వెంటనే తగ్గించాలి. "కాస్సేపే కదా" అనుకోకండి. టప్‌మని లోహం తగిలిన శబ్దం వచ్చిందా, అది కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకున్నట్టే. వార్నిష్ కాలిన వాసన వస్తే ఇంకా లెక్కలెందుకు, స్విచ్ ఆపేయండి.

ఇక్కడ ఇంకో మాట. యాంప్ మీది కాకపోతే, క్లబ్‌దో స్నేహితుడిదో అయితే, ముందే అడిగి పెట్టండి. మా బ్యాచ్‌లో ఒక బ్యాండ్ ఫెస్ట్ ముందు రాత్రి గిటార్ కాంబోలో బేస్ పెట్టి ఫుల్ వాల్యూమ్‌లో రిహార్సల్ చేసింది. కోన్ చిరిగింది. డబ్బు నలుగురూ పంచుకున్నారు కానీ, స్పీకర్ ఎవరిదో వాడు మళ్లీ ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

ఐదు రూపాయల కెపాసిటర్, ఒక ఇంటర్వ్యూ ప్రశ్న

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. స్పీకర్‌కి చేటు చేసేది అడుగున ఉన్న ఫ్రీక్వెన్సీలే కదా. వాటిని యాంప్‌లోకి వెళ్లే ముందే కాస్త కత్తిరిస్తే? అదే హైపాస్ ఫిల్టర్. సెకండియర్‌లో ఆర్‌సీ సర్క్యూట్లు చదివే ఉంటారు. కటాఫ్ అంటే ఒకటి బై రెండు పై ఆర్ సీ.

ఆర్ మనం కొనక్కర్లేదు, యాంప్‌లోనే ఉంది. గిటార్ యాంపుల ఇన్‌పుట్ రెసిస్టెన్స్ చాలావాటిలో ఒక మెగా ఓమ్. మీ యాంప్‌ది ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. దానికి సిరీస్‌లో 2.7 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే కటాఫ్ దాదాపు 59 హెర్ట్జ్. లెక్క వేసి చూడండి: 41 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్ 57 శాతానికి పడిపోతుంది, 110 దగ్గర 88 శాతం నిలుస్తుంది. అంటే లో ఈ వాయించినప్పుడు 41 దగ్గర కోన్ ఊగేది దాదాపు సగానికి తగ్గింది. చెవికి వినిపించే హార్మోనిక్స్‌కి పెద్ద నష్టం లేదు. ఫిల్టర్ వాలు ఆక్టేవ్‌కి 6 డెసిబెల్స్ మాత్రమే కాబట్టి దీన్ని నమ్ముకుని వాల్యూమ్ ఫుల్‌గా పెట్టేయకండి. పాత హద్దుకి కొంచెం ఊపిరి దొరికిందనుకోవాలి, అంతే.

హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీ, మిగతా ఊళ్లలో ఏ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపైనా సరే, "272 ఫిల్మ్ కెపాసిటర్" అనండి, ఇస్తారు. 27 పక్కన రెండు సున్నాలు, 2700 పికోఫారడ్. చిన్న లోహపు డబ్బా, రెండు జాక్ సాకెట్లు, కాస్త సోల్డరింగ్. ప్లాస్టిక్ డబ్బా అయితే హమ్మింగ్ పట్టుకుంటుంది. డబ్బాను బేస్ దగ్గర కాకుండా యాంప్ దగ్గర పెట్టండి. లేదంటే కెపాసిటర్ తర్వాత వచ్చే పొడుగు కేబుల్‌కున్న కెపాసిటెన్స్ మీ లెక్కను పాడుచేస్తుంది. ఇదంతా మిల్లీవోల్టుల సిగ్నల్ వైపు పని కాబట్టి షాక్ భయం లేదు. యాంప్ మూత మాత్రం తీయొద్దు. ముఖ్యంగా వాల్వ్ యాంపుల్లో ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో వందల ఓల్టులు నిలిచి ఉంటాయి.

దీన్ని అక్కడితో వదలకండి. ఫిల్టర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి అదే నోట్ రికార్డ్ చేసి, ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూడండి. లేదా పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ గీయండి. లెక్కలో వచ్చిన 57 శాతం కొలతలో ఎంత వచ్చింది? తేడా ఎందుకొచ్చింది? సూటిగా చెప్పాలంటే, ఫైనలియర్‌లో డబ్బులిచ్చి తెచ్చుకునే రెడీమేడ్ ప్రాజెక్టుల కంటే ఈ ఒక్క పేజీ గ్రాఫ్ రెజ్యూమేలో మెరుగ్గా ఉంటుంది. హార్డ్‌వేర్ ఇంటర్వ్యూల్లో ఫిల్టర్ల మీద, ఇంపిడెన్స్ మీద ప్రశ్నలు తరచూ వస్తాయి. "మీరు నిజంగా ఎక్కడైనా వాడారా?" అన్న తర్వాతి ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబుండదు. హాబీస్ అన్న చోట "మ్యూజిక్" అని ఒక్క ముక్క రాసి వదిలేసే బదులు ఇది రాయండి.

డ్రమ్మర్ వచ్చాక

పైన చెప్పినవన్నీ గది వరకే. డ్రమ్స్ పక్కన చేరగానే గిటార్ యాంప్ ఆట ముగిసినట్టే. తక్కువ ఫ్రీక్వెన్సీలను మన చెవి మందంగా వింటుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే 30 వాట్ల గిటార్ యాంప్ డ్రమ్స్‌ను దాటి వినిపిస్తుంది కానీ, బేస్‌కి 200, 300 వాట్ల మాట వస్తుంది. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ యాంప్. దాని కింద ఎనిమిదేసి పది అంగుళాల స్పీకర్లున్న క్యాబినెట్లు పెట్టేవారు. బేస్ అంటే ఎంత గాలి కదిలించాలో దాన్ని చూస్తే అర్థమవుతుంది.

అలాగని స్టేజి కోసం మీరు కొనాల్సిన పనేమీ లేదు. కాలేజీ ఫెస్ట్‌కి సౌండ్ సర్వీస్ వాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్ల పెద్ద స్పీకర్లు బేస్‌కి పనికొచ్చేవే. "అన్నా, బేస్‌కి డీఐ బాక్స్ ఉందా?" అని ఒక రోజు ముందు అడగండి. పాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే అక్కడి పది కిలో ఓమ్‌ల లోడ్‌కి పికప్ డీలా పడిపోయి శబ్దం మందంగా వస్తుంది. డీఐ బాక్స్ ఆ ఇంపిడెన్స్ గొడవ తీర్చి సిగ్నల్‌ను పొడుగు కేబుల్‌లో శుభ్రంగా పంపిస్తుంది. వాళ్ల దగ్గర లేకపోతే బ్యాండ్ అంతా కలిసి ఒకటి కొనుక్కోవడం యాంప్ కొనడం కంటే చాలా చవక. కీబోర్డ్‌కి, అకౌస్టిక్ గిటార్‌కి కూడా పనికొస్తుంది. రిహార్సల్‌లో కీబోర్డ్ యాంప్ ఉంటే గిటార్ యాంప్ జోలికి పోకండి. కీబోర్డ్‌లో ఎడమ చేతి నోట్లు కూడా అంత కిందికే వెళ్తాయి కాబట్టి ఆ స్పీకర్‌ని అందుకు తగ్గట్టే కడతారు.

స్టేజి మీద యాంప్ లేకపోతే నామోషీ అనుకునేవాళ్లకి ఒక సంగతి. మోటౌన్ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ స్టూడియోలో తన బేస్‌ను నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే ఇచ్చేవాడు. ఎదురుగా యాంప్, దాని ముందు మైక్ ఉండాలన్న నియమం లేదు. ఇంకో తమాషా. ఫెండర్ 1952లో బేస్ కోసమే బేస్‌మ్యాన్ అనే యాంప్ తెచ్చింది. గిటారిస్టులు దాన్ని లాగేసుకున్నారు. లండన్‌లో జిమ్ మార్షల్ షాపు వాళ్లు తమ మొదటి యాంప్‌ను దాన్ని చూసే కట్టారు. గిటార్‌ను బేస్ యాంప్‌లో పెడితే స్పీకర్‌కి ఏ ప్రమాదమూ లేదు మరి. మీ బ్యాండ్‌లో ఇద్దరి డబ్బులు కలిపి ఒక్క యాంపే కొనగలిగితే బేస్ యాంప్ కొనండి. గిటారిస్ట్ కాస్త గొణుగుతాడు, ఫర్వాలేదు.

ఒక్కరే సాధన చేస్తే

లాప్‌టాప్ ఎలాగూ ఉంది. ఎంట్రీ లెవెల్ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంటే అసలు యాంప్ గొడవే అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. దాని మీద "ఇన్‌స్ట్రుమెంట్" లేదా "హై జెడ్" అన్న స్విచ్ ఉందో లేదో మాత్రం చూసుకోండి. న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెద్ద యాంపుల శబ్దం హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చేస్తుంది. బఫర్ 1024 శాంపిల్స్ ఉంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 21 మిల్లీసెకన్ల ఆలస్యం. అది వేళ్లకి తెలిసిపోతుంది. 128కి తగ్గిస్తే అదే ఆలస్యం మూడు లోపు. కన్వర్టర్లూ డ్రైవర్లూ ఇంకొంత కలుపుతాయి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దు, వైరు ఉన్నవే వాడండి. ఇదే ఇంటర్‌ఫేస్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మైక్ పెట్టుకోవడానికీ పనికొస్తుంది, కాబట్టి ఇంట్లో అడిగినప్పుడు ఆ మాట ముందు చెప్పండి.

ఏది వాడినా ప్లగ్ సంగతి మర్చిపోకండి. హాస్టళ్లలో ఎర్త్ పిన్ విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం మామూలైపోయింది. గిటార్ యాంప్ అయినా బేస్ యాంప్ అయినా మీ చేతి కింద ఉన్న స్ట్రింగులు బ్రిడ్జ్ ద్వారా, కేబుల్ షీల్డ్ ద్వారా యాంప్ ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. లోపల ఏదైనా లీకై ఎర్త్ లేకపోతే కరెంటుకి దారి మీరే. ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందంటే "పాత యాంప్‌లు ఇంతే" అనుకోకుండా, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల బోర్డు వెతకండి.

చివరికి డబ్బులు కూడి, సెకండ్ హ్యాండ్ యాంప్ కొనడానికి వెళ్లారనుకోండి. మీ బేస్ మీరే పట్టుకెళ్లండి. తక్కువ వాల్యూమ్‌లో లో ఈ నుంచి ఒక్కో ఫ్రెట్ పైకి వాయిస్తూ ఎక్కడైనా గరగర వస్తుందేమో వినండి. నాబ్‌లు తిప్పితే బరబర వస్తే అది దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. దానికోసం బేరమాడొచ్చు. తర్వాత స్విచ్ ఆపి, గ్రిల్ తీయడానికి ఒప్పుకుంటే, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను రెండు పక్కలా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. నిశ్శబ్దంగా కదలాలి. గీసుకున్నట్టు అనిపిస్తే కాయిల్ రాసుకుంటోందని అర్థం. కోన్ మార్చడానికయ్యే ఖర్చు తగ్గించమని అడగాలి, లేదా వదిలేయాలి. అమ్మేవాళ్లు "గిటార్ యాంపే, కానీ మేం బేస్ కూడా బాగా వాయించేవాళ్లం" అన్నారంటే ఆ కోన్‌ను ఇంకోసారి నొక్కి చూడండి.